బీపీఈడీ కాలేజీ గుర్తింపు రద్దయితే పట్టా చెల్లుతుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా పాప డిగ్రీలో అంతర కళాశాలల కబడ్డీ ఆడింది. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయురాలు) కావాలని పట్టుబడితే 2024 అక్టోబరులో తిరుపతిలో ఒక ఏజెంటును పట్టుకుని పక్క రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలో బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ)లో చేర్చాం. 'రోజూ రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు' అన్నాడు. అతని ఫోన్ నంబరుకే 65 వేలు పంపాం. పాప ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా చేస్తోంది. ఇప్పుడు మూడో సెమిస్టరు. ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు తీసేశారని తోటి పిల్లలు అంటున్నారు. టీసీ, డిగ్రీ, ఆటల సర్టిఫికెట్ల ఒరిజినల్స్ అడిగితే రెండో ఏడాది ఫీజు మొత్తం కట్టేదాకా ఇచ్చేది లేదన్నారు. ఈ పట్టా డీఎస్సీకి పనికొస్తుందా? డబ్బు వెనక్కి వస్తుందా? వచ్చే ఏడాది మా అబ్బాయిని కూడా ఇదే చదువులో పెట్టాలనుకుంటున్నాం.
– ఒక తండ్రి, చిత్తూరు జిల్లా

జవాబు: గుర్తింపు 'తీసేశారట' అన్న మాటతో ఏదీ తేలదు. రద్దు ఉత్తర్వు కాలేజీకి ఏ తేదీన అందింది? ముందు అది పట్టుకోండి. పట్టా చెల్లుతుందా లేదా అన్నది చాలావరకు ఆ తేదీ మీదే ఉంది.

ఉపాధ్యాయ శిక్షణ కోర్సులన్నిటికీ వర్తించేది 1993 నాటి ఎన్‌సీటీఈ చట్టం. బీపీఈడీ కూడా దాని కిందికే వస్తుంది. సెక్షన్ 17 ప్రకారం గుర్తింపు రద్దు చేయవచ్చు. అయితే ఆ రద్దు వెంటనే అమలు కాదు. ఉత్తర్వు అందిన తేదీ తర్వాత మొదలయ్యే విద్యా సంవత్సరం ముగిశాకే అమల్లోకి వస్తుందని 17(1) కిందనే రాసి ఉంది. మధ్యలో ఉన్న పిల్లలు నష్టపోకూడదని పెట్టిన వెసులుబాటు ఇది. రద్దు అమల్లోకి వచ్చాక కూడా కాలేజీ కోర్సు నడిపితే ఆ అర్హత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగాలకు, విశ్వవిద్యాలయాలకు, ఎయిడెడ్ పాఠశాలలకు చెల్లదని 17(4) తెగేసి చెబుతోంది.

మీ పాప విషయానికే లెక్క వేద్దాం. ఆమె చేరింది 2024-25 విద్యా సంవత్సరంలో. ఉత్తర్వు 2025 ఫిబ్రవరిలో అందిందనుకోండి. తర్వాత మొదలయ్యేది 2025-26. అది ముగిసేదాకా గుర్తింపు ఉన్నట్టే కాబట్టి రెండేళ్ల కోర్సు లోపలే పూర్తవుతుంది, పట్టాకు ఢోకా లేదు. అదే ఉత్తర్వు 2024 ఫిబ్రవరిలోనే అంది ఉంటే? అప్పుడు 2024-25 చివరికే గుర్తింపు పోయింది. మీ పాప రెండో ఏడాది మొత్తం గుర్తింపు లేని కాలేజీలో చదువుతున్నట్టు. పైగా కాలేజీవాళ్లు ఆ ఉత్తర్వు చేతిలో పెట్టుకునే మిమ్మల్ని చేర్చుకున్నట్టు. మొదటిదైతే పరీక్షలు రాయించుకుని బయటపడొచ్చు, రెండోదైతే మోసం కేసే. ఒకటి గుర్తుంచుకోండి: కోర్సు రెండేళ్లదే అయినా చేరిన నాటి నుంచి మూడేళ్లలో పూర్తి చేసే వీలుంది. అయితే రద్దు ఉత్తర్వు పడిన కాలేజీలో బ్యాక్‌లాగ్ మిగిల్చుకోవడం తెలిసి తెలిసి చిక్కుల్లో పడటమే. ఉన్న సబ్జెక్టులన్నీ ఈ విడతలోనే గట్టెక్కించమనండి.

తేదీ తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఎన్‌సీటీఈ వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా గుర్తింపు పొందిన సంస్థల జాబితా, రద్దు ఉత్తర్వులు ఉంటాయి. కాలేజీ పేరు కనిపించింది కదా అని ఊరట పడకండి. పేరు పక్కన కోర్సు చూడండి. బీఈడీకి మాత్రమే గుర్తింపు ఉండి, అదే కాగితం చూపించి బీపీఈడీ సీట్లు అమ్మేవాళ్లు ఉన్నారు. ఉన్న సంస్థలో కొత్త కోర్సు పెట్టాలంటే సెక్షన్ 15 కింద విడిగా అనుమతి కావాలి. సీట్ల సంఖ్య, చిరునామా కూడా చూడండి. 100 సీట్లకు అనుమతి ఉన్నచోట 140 మందిని చేర్చుకుంటే మిగతా 40 మంది గతి ఏమిటన్నది పరీక్షల వేళగానీ బయటపడదు. అనుమతి ఒక ఊళ్లో, కాలేజీ ఇంకో ఊళ్లో అయితే అదీ లోపమే.

రెండో దారి సమాచార హక్కు దరఖాస్తు. కేంద్ర ఆర్‌టీఐ పోర్టల్‌లో 10 రూపాయల రుసుముతో ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీకి పంపండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ కాలేజీలన్నీ దీని పరిధిలోవే. కమిటీ ఒకప్పుడు బెంగళూరులో ఉండేది, ఇప్పుడు ఢిల్లీలో ఉంది, పాత చిరునామాకు పంపితే తిరిగొస్తుంది. 'ఈ కాలేజీ గురించి వివరాలివ్వండి' అని రాస్తే అటూ ఇటూ కాని జవాబు వస్తుంది. ఇలా అడగండి: ఈ సంస్థ బీపీఈడీ కోర్సుపై సెక్షన్ 17 ఉత్తర్వు జారీ అయిందా? దాని నంబరు, తేదీ, సంస్థకు అందజేసిన తేదీ ఏమిటి? సెక్షన్ 18 కింద అప్పీలు పెండింగులో ఉందా? ఏదైనా హైకోర్టు స్టే ఉందా? ఉత్తర్వు నకలు ఇవ్వండి. జవాబుకు గడువు 30 రోజులు. ఇంకో దరఖాస్తు పరీక్షలు పెట్టే విశ్వవిద్యాలయానికి పెట్టి, ఆ రెండు విద్యా సంవత్సరాలకూ బీపీఈడీకి అనుబంధ గుర్తింపు ఉందో లేదో అడగండి. గుర్తింపు లేని కోర్సుకు పరీక్షలు పెట్టకూడదని సెక్షన్ 16 విశ్వవిద్యాలయాన్ని కట్టడి చేస్తోంది. హాల్‌టికెట్ రావడం మంచి సంకేతమే, రుజువు మాత్రం కాదు.

కాలేజీవాళ్లు 'స్టే ఉంది, భయపడొద్దు' అంటారు. స్టే తాత్కాలికం. చివరికి కేసు ఓడిపోతే మధ్యంతర ఉత్తర్వుల మీద చదివిన చదువుకు హక్కులు పుట్టవు. 'పిల్లల భవిష్యత్తు చూసి కోర్టే కనికరిస్తుంది' అన్న మాటా నమ్మకండి. అనుమతి లేని ఉపాధ్యాయ శిక్షణ సంస్థల పిల్లలు మమ్మల్ని పరీక్ష రాయనివ్వండని వేడుకున్నా, మన రాష్ట్రానికే చెందిన ఎన్.ఎం.నాగేశ్వరమ్మ కేసులో 1986లోనే సుప్రీంకోర్టు కాదంది. గుర్తింపు ఉన్నప్పుడు చేరి మధ్యలో ఇరుక్కున్న పిల్లల సంగతి వేరు. తమను అదే విశ్వవిద్యాలయం కింది మరో కాలేజీకి మార్చమని, పరీక్షలు పెట్టమని ఆ రాష్ట్ర హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. ఒక్కరే కాకుండా పదిమంది కలిసి వేస్తే ఖర్చూ తగ్గుతుంది, కోర్టు దగ్గర బరువూ ఉంటుంది.

గుర్తింపు సంగతి అలా ఉంచితే, మీరు మామూలుగా రాసేసిన ఇంకో మాట ఎక్కువ ప్రమాదకరం: పాప ఇక్కడ ఉద్యోగం చేస్తూ అక్కడ చదువుతోందన్నది. బీపీఈడీని దూరవిద్యలో చదివే ఏర్పాటే లేదు. 2014 ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం ఏడాదికి ప్రవేశాలు, పరీక్షలు పోను కనీసం 200 పనిదినాలు, వారానికి 36 గంటలు కాలేజీ నడవాలి. మైదానంలో ప్రాక్టికల్స్, పాఠశాలల్లో బోధన అభ్యాసం తప్పనిసరి. మీ పాప పేరు ఇక్కడి స్కూలు హాజరు పట్టీలో ఉంది, జీతం బ్యాంకులో పడుతోంది, పీఎఫ్ కూడా కడుతూ ఉండొచ్చు. అదే రోజుల్లో అక్కడి కాలేజీ రిజిస్టరులోనూ సంతకాలుంటాయి. రేపు ఉద్యోగమొచ్చాక ఎవరో అసూయతో ఒక ఆర్‌టీఐ వేస్తే చాలు, రెండు రికార్డులూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి. పదేళ్ల సర్వీసు తర్వాతైనా విచారణ రావచ్చు. కాబట్టి ఈ మిగిలిన రెండు సెమిస్టర్లయినా ఉద్యోగం మానేసి కాలేజీకి వెళ్లమనండి. స్కూలు నుంచి ఆ కాలానికి 'అనుభవ ధ్రువపత్రం' మాత్రం తెచ్చుకోవద్దు. అది మేలు చేయదు సరికదా, మీకు మీరే రాసిచ్చుకున్న సాక్ష్యమవుతుంది.

ఇక ఒరిజినల్స్. ఇక్కడ చట్టం పూర్తిగా మీ వైపే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం చేరేటప్పుడు ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ దగ్గర ఉండాల్సింది విద్యార్థి స్వయంగా ధ్రువీకరించిన నకళ్లే. ఒక సెమిస్టరుకో ఏడాదికో మించి ముందస్తు ఫీజు వసూలు చేయడం కూడా అందులో నిషేధం. ఫీజు బాకీ ఉంటే కాలేజీ దానికి దావా వేసుకోవచ్చు గానీ, మార్కుల మెమోలు తాకట్టు పెట్టుకునే హక్కు దానికి లేదు. పాప సంతకంతో ప్రిన్సిపల్‌కు ఒక పేజీ లేఖ రాయించండి: ఏ తేదీన ఏయే ఒరిజినల్స్ ఇచ్చిందో వరుసగా, ఏడు రోజుల్లో ఇవ్వాలని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ వివరం దాచండి. జవాబు లేకపోతే 2023 యూజీసీ నిబంధనల కింద ఉన్న విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయాలి. దాని నివేదికకు 15 పనిదినాలు. అక్కడా న్యాయం జరగకపోతే 15 రోజుల్లోగా విద్యార్థుల అప్పీళ్లు వినే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు. చాలా కాలేజీలు అప్పీలు దాకా పోనివ్వవు, విశ్వవిద్యాలయం నుంచి ఫోన్ రాగానే కవరు బయటికొస్తుంది.

ఒక జాగ్రత్త. 'ఒరిజినల్స్ పోయాయని పోలీసు స్టేషనులో రాసిచ్చి, అఫిడవిట్ పెట్టి డూప్లికేట్ తెచ్చుకోండి' అని మీసేవ దగ్గర సలహాలిచ్చేవాళ్లుంటారు. అవి పోలేదు, కాలేజీ బీరువాలో ఉన్నాయని మీకు తెలుసు. తెలిసీ ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద నేరం. ఆ పాపం మీ పాప మెడకు చుట్టుకుంటుంది. డిగ్రీకి డూప్లికేట్ దొరుకుతుందేమో గానీ, ఆటల సర్టిఫికెట్లకు దొరకడం గగనం. అప్పటి నిర్వాహకులెవరో, వారి రికార్డులెక్కడున్నాయో. అందుకే లేఖలో వాటిని ముందు రాయించండి.

డబ్బు సంగతి. యూజీసీ వాపసు పట్టిక ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే సున్నా. ఆ పట్టికతో మీకు ప్రయోజనం లేదు. అయితే అది మనసు మార్చుకుని మానేసినవారికి. గుర్తింపు గురించి దాచి చేర్చుకుంటే అది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 చెప్పే మోసం. ఒప్పందం రద్దు చేసుకుని కట్టింది తిరిగి కోరవచ్చు, సివిల్ దావాకు గడువు మూడేళ్లు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చాలామంది చెబుతారు. మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. కానీ చదువు చెప్పడం 'సేవ' కాదని, విద్యాసంస్థలు ఆ చట్టం కిందికి రావని 2010లో సుర్జీత్ కౌర్ కేసు మొదలు తీర్పులున్నాయి. మరోవైపు, గుర్తింపు లేకున్నా ఉన్నట్టు ప్రకటించి చేర్చుకున్న ఒక దంత వైద్య కళాశాల నష్టపరిహారం చెల్లించాల్సిందేనని 2009లో సుప్రీంకోర్టు బుద్ధిస్ట్ మిషన్ కేసులో అంది. కాబట్టి అక్కడికి వెళ్తే 'పాఠాలు సరిగా చెప్పలేదు' అని రాయకండి. గుర్తింపు ఉందని అబద్ధమాడి డబ్బు తీసుకున్నారన్న ఒక్కదాని మీదే ఫిర్యాదు నిలబెట్టండి.

ఏజెంటుపై పోలీసు ఫిర్యాదు విడిగా ఉంటుంది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక జరిగిన ఘటన గనుక మోసానికి వర్తించేది అందులోని 318(4). డబ్బు అతని నంబరుకే వెళ్లింది, మాట్లాడింది తిరుపతిలో, కాబట్టి అక్కడే ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషనులోనైనా నమోదు చేసేది) అడగండి. యూపీఐ లావాదేవీ వివరాలను బ్యాంకు స్టేట్‌మెంటుగా తీసుకోండి. వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. కాలేజీ రసీదు ఇవ్వకుండా 'అతనెవరో మాకు తెలియదు' అంటుంది. ఆ డబ్బులో ఎంత కాలేజీ ఖాతాకు చేరిందో తేల్చేది ఈ కాగితాలే. వకీలు ఫీజు భారమనుకుంటే చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, దరఖాస్తు పాప పేరిటే పెట్టండి. ఫోన్ నంబరు 15100.

మీ అబ్బాయిని ఈసారి ఏజెంటు దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఏపీ పీఈసెట్ (వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష)కు పంపి కన్వీనర్ కోటాలో సీటు తీసుకోండి. అందులో రాత పరీక్ష లేదు. దేహదారుఢ్య పరీక్షకు 400, ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100 మార్కులు. ఇంటర్‌తో ఆగితే యూజీడీపీఈడీ (వ్యాయామ విద్య డిప్లొమా), డిగ్రీ ఉంటే బీపీఈడీ. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టు కావాలంటే బీపీఈడీయే చేయాలి. ఎన్‌సీటీఈ నిబంధనలో బీపీఈడీకి డిగ్రీలో 50 శాతం మార్కులు, గుర్తింపు ఉన్న పోటీల్లో కనీసం అంతర కళాశాల లేదా జిల్లా స్థాయిలో పాల్గొన్న ధ్రువపత్రం అడుగుతారు. రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడినవారికి 45 శాతం చాలు. సంక్రాంతికి ఊళ్లో గెలిచిన కప్పులు ఇందుకు పనికిరావు. అబ్బాయి ఇప్పటిదాకా ఆడిన పోటీల పత్రాల మీద నిర్వహించిన సంస్థ పేరు, తేదీ, ముద్ర స్పష్టంగా ఉన్నాయో లేదో ఈ వారమే తీసి చూడండి. లేకపోతే సరిదిద్దించుకోవడానికి కౌన్సెలింగ్ దాకా ఆగొద్దు.