గ్లామర్‌కీ గ్రామర్‌కీ చుట్టరికం

సందేహం: 'గ్లామర్' అనే మాట 'గ్రామర్' నుంచే పుట్టిందని మా మాస్టారు అనేవారు. అందానికీ వ్యాకరణానికీ ఏం సంబంధం? గ్లామర్‌ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ మాస్టారు చెప్పింది నిజం. అయితే ఈ మాట పుట్టిల్లు స్కాట్లండ్. అక్కడి స్కాట్స్ భాషలో గ్లామర్ అంటే అందం కాదు, మంత్రవిద్య. ముఖ్యంగా చూసేవాళ్ల కళ్లను భ్రమపెట్టే మాయ. మంత్రగాళ్లు జనం కళ్ల మీద 'గ్లామర్ వేస్తారు' అనేవారు. 18వ శతాబ్దం మొదట్లో అలన్ రామ్సే అనే స్కాట్లండ్ కవి కూడా ఈ మాటకు ఇదే అర్థం రాశాడు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన 'కనికట్టు' గుర్తొచ్చింది. కన్ను, కట్టు కలిసిన మాట అది. గారడీవాడు కట్టేసేది మన చూపునే కదా!

ఇక గ్రామర్ సంగతి. గ్రీకులో 'గ్రమ్మ' అంటే రాసిన అక్షరం. మధ్యయుగాల యూరప్‌లో గ్రామర్ అంటే లాటిన్ చదువు. అది కొద్దిమందికే దక్కేది. లావుపాటి పుస్తకం ముందు పెట్టుకుని తెలియని భాషలో ఏదో వల్లిస్తున్న పండితుణ్ణి చూస్తే, అక్షరం రాని రైతుకి మంత్రాలు చదువుతున్నట్టే అనిపించేది. అలా చదువు అనే అర్థం పక్కనే క్షుద్రవిద్య అనే అర్థం చేరింది. ఫ్రెంచివాళ్లు మంత్రాల పుస్తకాన్ని 'గ్రిమ్వార్' అంటారు. అదీ ఈ వేరు నుంచి వచ్చిందే. మన దగ్గర రాగిరేకు మీద బీజాక్షరాలు రాయించి తాయెత్తు కట్టించుకోవడం వెనకా ఇలాంటి నమ్మకమే ఉంది.

మరి 'ర' ఎందుకు 'ల' అయింది? ఒకే మాటలో రెండు రేఫలు వస్తే నాలుక ఒక్కోసారి ఒకదాన్ని మార్చేస్తుంది. మన పల్లెల్లో రబ్బరుని 'లబ్బరు' అంటారే, అచ్చం అలాగే గ్రామర్ గ్లామర్ అయింది. రాబర్ట్ బర్న్స్ అనే స్కాట్లండ్ కవి 1789లో ఒక కవితలో ఈ రెండు మాటలకూ ప్రాస కలిపాడు. అక్కడ గ్లామర్ జిప్సీలది, గ్రామర్ నరకానిది!

తర్వాత స్కాట్లండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ రచనల వల్ల ఈ మాట ఇంగ్లీషులో బాగా వ్యాపించింది. మాయ కాస్తా మైమరపించే ఆకర్షణ అయింది. 20వ శతాబ్దంలో హాలీవుడ్ దాన్ని తారల సొగసుకి అంటగట్టింది. మనకు సినిమా పత్రికల ద్వారా అందింది ఈ చివరి అర్థమే.

తెలుగులో ఒకే మాటతో సరిపెట్టలేం. 'గ్లామర్ పాత్ర' అన్నది అలాగే ఉంచండి. 'సొగసు పాత్ర' అంటే ఎవరికీ ఎక్కదు. 'నగర జీవితపు గ్లామర్' అన్నచోట 'తళుకు' బాగుంటుంది. 'సినిమా గ్లామర్ చూసి ఊరొదిలి వచ్చాడు' అని రాయాల్సి వస్తే మాత్రం నేను 'సినిమా మాయలో పడి' అనే రాస్తాను. స్కాట్లండ్ పల్లెల్లో ఆ మాటకున్న పాత అర్థం అదే.