క్లారిటీ పోకుండా ఫొటో సైజు తగ్గించడం ఎలా?

పెళ్లి ఫొటోలు ఇరవై ఒకేసారి మెయిల్‌లో పంపబోతే అటాచ్ కావడం లేదని, క్లారిటీ పోకుండా సైజు ఎలా తగ్గించాలని అడిగారు. జీమెయిల్‌లో ఒక మెయిల్‌కు 25 ఎంబీ వరకే పడుతుంది. ఒక్కోటి 4 ఎంబీ అనుకున్నా ఇరవైకి 80 ఎంబీ అవుతుంది మరి.

చాలామంది నేరుగా క్వాలిటీ తగ్గించేస్తారు. అది రెండో పని. ముందు చూడాల్సింది పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చిన్న చిన్న చుక్కలు. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే సుమారు 4000 × 3000. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూసుకోవడానికి 1600 × 1200 చాలు. ఈ ఒక్క మార్పుతోనే పిక్సెళ్లు దాదాపు ఆరో వంతుకు దిగిపోతాయి, ఫైలు సైజు కూడా బాగా తగ్గుతుంది.

ఆ తర్వాత జేపెగ్ (ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే ఫైలు రకం) క్వాలిటీని 100కి 80 దగ్గర పెట్టండి. 40కి దించితే ఏమవుతుందో పట్టుచీర జరీ అంచు దగ్గర జూమ్ చేసి చూడండి. సన్నటి గీతలు చెదిరిపోయి చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ముఖాల్లో కన్నా అక్కడే ముందు తెలిసిపోతుంది.

ఈ రెండు పనులకూ నేనైతే స్క్వూష్ (Squoosh) అనే ఫొటో సైజు తగ్గించే వెబ్‌యాప్ వాడమంటాను. ఉచితం, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఇంటివాళ్ల ఫొటోలు ఏ సర్వర్‌కూ వెళ్లవు. మధ్యలో గీతను జరుపుతూ పాతదీ కొత్తదీ పోల్చుకోవచ్చు. కాకపోతే ఒక్కొక్క ఫొటోనే చేసుకోవాలి.

చిన్నది చేసిన ఫొటోను మాత్రం వేరే పేరుతో సేవ్ చేయండి. ఒరిజినల్ మీదే సేవ్ చేస్తే పోయిన వివరాలు మళ్లీ రావు. రేపు ఆల్బమ్ ప్రింట్ వేయించాలంటే ఆ 4000 పిక్సెళ్లే కావాలి.