బాబుతో వైజాగ్ వెళ్లమంటారా, మానుకోమంటారా?

ప్రశ్న: మాది కావలి. మా బాబుకి ఐదేళ్లు నిండాయి. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. స్పీచ్ థెరపీకి బస్సులో నెల్లూరు తీసుకెళ్తుంటాం. మాటలు కొద్దిగానే, ఏం కావాలన్నా బొమ్మల కార్డులు చూపించి అడుగుతాడు. ఒట్టి ఇడ్లీ, పెరుగన్నం, ఒక రకం బిస్కెట్లు తప్ప ఇంకేమీ ముట్టడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు, నీళ్లు కనిపిస్తే మాత్రం అటే పరుగు. ఇంతవరకూ మా అమ్మవాళ్లింటికి తప్ప ఎక్కడికీ వెళ్లి ఉండలేదు. దసరా సెలవుల్లో మా మరిది వాళ్లతో కలిసి వైజాగ్, అరకు ఆరు రోజులు వెళ్దామని మావారు అంటున్నారు. అత్తయ్యేమో "బిడ్డని ఎత్తుకొని అంత దూరం దేనికమ్మే, ముందు కొండకి పోయి గుండు చేయించండి" అంటున్నారు. నాకు రైలు తలుచుకుంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కావలి

జవాబు: వెళ్లండమ్మా. కాకపోతే మీవారు వేసిన ప్లాన్‌తో మాత్రం వద్దు. వైజాగ్, అరకు, మళ్లీ వైజాగ్ అంటే ఎన్ని గదులు మారతారో ఒకసారి లెక్కేసుకోండి. మనకి ఊరు మారడం సరదా. మీ బాబుకి గది మారిన ప్రతిసారీ పడక, బాత్రూం, వాసన, ఫ్యాను చప్పుడు, అన్నీ మళ్లీ మొదట్నుంచీ అలవాటు కావాలి. రెండో రోజు సాయంత్రానికి కాస్త కుదురుకున్నాడు అనుకునేలోపు మూడో రోజు పొద్దున్నే పెట్టెలు సర్దేస్తారు. అందుకని ఈ మొదటిసారికి ఏమేం చూస్తామన్న జాబితా పక్కన పెట్టి, అక్కడున్నన్ని రాత్రులూ ఒకే గదిలో పడుకునేలా చూసుకోండి. వైజాగ్ ఒక్కటే, మూడు రాత్రులు. రైల్లో రెండు రాత్రులు ఎలాగూ పోతాయి.

అరకు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ రైలు దారిలో సొరంగాలు యాభైకి పైనే ఉంటాయి, రైలు చీకట్లోకి దూరిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలూ పెద్దలూ కలిసి సరదాగా కేకలు పెడతారు, మిక్సీకే చెవులు మూసుకునే పిల్లాడు అది గంటల తరబడి భరించాలి. రోడ్డు మీద వెళ్తే ఘాట్ మలుపులు, వాంతులు. బొర్రా గుహల్లో చెమ్మ, గబ్బిలాల వాసన, రంగు లైట్లు. మరిది వాళ్లకి చూడాలని ఉంటే వాళ్లు ఒక రోజు వెళ్లొస్తారు, మీరు ముగ్గురూ వైజాగ్‌లోనే ఉండిపోండి. కాకపోతే ఈ మాట టికెట్లు కొనకముందే అందరి ముందూ చెప్పేయాలి. అక్కడికెళ్లాక చెబితే అలకలు తప్పవు.

దసరా కూడా నాకు నచ్చలేదు. రైళ్లలో ఇసకేస్తే రాలనంత జనం, పైగా అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి వాయుగుండాల భయం ఎలాగూ ఉంటుంది. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్లో, వారం మధ్యలో పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, బీచ్‌లోనూ జనం పలచగా ఉంటారు. ఐదేళ్ల పిల్లాడు నాలుగు రోజులు బడి మానితే కొంపేం మునగదు. మరిది పిల్లలకి బడి కుదరదంటారా, అయితే మీ ముగ్గురే వెళ్లండి, నిజానికి మొదటిసారికి అదే హాయి.

ఇక అత్తగారి మాట. కొండకి వెళ్లకూడదని కాదు. తడి తల మీద బ్లేడు, మెడ వంచి పట్టుకునే కొత్త మనిషి, ఆ తర్వాత దర్శనం క్యూలో తలుపులేసిన కంపార్ట్‌మెంట్లో జనం మధ్య ఎదురుచూపులు, ఇవన్నీ ఒకే రోజున ఈ బాబుకి చాలా ఎక్కువ. మొక్కుకి గడువేం లేదు కదా. ఇంట్లో క్షవరం ఏడవకుండా చేయించుకునే రోజు వచ్చాక వెళ్దాం అత్తయ్యా అనండి. పెద్దవాళ్లతో వాదనకి దిగితే అసలు ప్రయాణమే ఆగిపోతుంది.

కావలి నుంచి వైజాగ్ సుమారు 550 కిలోమీటర్లు, దాదాపు ఒక రాత్రి ప్రయాణం. బాబు జీవితంలో మొదటి రైలు అదే కాకూడదు. థెరపీకి ఎలాగూ నెల్లూరు వెళ్తున్నారు కాబట్టి ఒకటి రెండుసార్లు బస్సు మాని పగటిపూట రైలెక్కండి, పినాకిని అయితే మీ ఊళ్లోనే ఆగుతుంది. మొదటిసారి ప్లాట్‌ఫాం మీద కాస్త దూరంగా నిలబడి రైలు రావడం, ఆ హారన్, ఆ గాలి, అన్నీ చూపించి ఇంటికొచ్చేసినా పర్లేదు. తర్వాత నెల్లూరులోనే ఏదో ఒక లాడ్జిలో ఒక రాత్రి ఉండి చూడండి. డబ్బు దండగ అనిపిస్తుంది, కానీ వాడు దేనికి బెదిరాడో మీకు ఆ రాత్రే తెలిసిపోతుంది. చాలామంది పిల్లలకి చిక్కు వచ్చేది బాత్రూంలో. ఇంట్లో బకెట్, మగ్గు అలవాటైన పిల్లాడికి పైనుంచి షవర్ నీళ్లు పడితే ఊరంతా వినపడేలా ఏడుస్తాడు. అందుకే వైజాగ్ హోటల్‌కి ముందే ఫోన్ చేసి బకెట్, మగ్గు ఉన్నాయా అని అడగండి, లిఫ్టుకీ జనరేటర్‌కీ దూరంగా, బాల్కనీ లేని గది కావాలని చెప్పండి. పెరుగు, ఒట్టి ఇడ్లీ దొరుకుతాయా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. బిస్కెట్ల గురించి మాత్రం ఎవర్నీ నమ్మొద్దు, అన్ని రోజులకీ సరిపడా ఇక్కణ్నుంచే పట్టుకెళ్లండి. ఇంట్లో కప్పుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే సంచిలో పెట్టండి, ఆ వాసన ఉంటే కొత్త మంచం మీదైనా నిద్ర పడుతుంది.

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు. ఐదేళ్లు నిండాయి కనుక బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. పూర్తిదే కొనండి, ఆ రాత్రికి వాడికంటూ ఒక చోటు ఉండాలి. సైడ్ బెర్తులు వద్దు, దారిన పోయే ప్రతివాళ్ల చెయ్యీ సంచీ తగులుతూనే ఉంటాయి. మరిది వాళ్లు కూడా వస్తుంటే ఒకే కూపేలో బెర్తులు పడేలా చూసుకోండి. కింది బెర్తుకి దుప్పటి పరదాలా కట్టేస్తే లోపల చిన్న గూడులా ఉంటుంది, వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేసిన ఫోను, హెడ్‌ఫోన్, పవర్‌బ్యాంక్ అక్కడే పెట్టండి. రైల్లో నిద్రపోవాలని ఎవరో చెప్పిన సిరప్ మాత్రం మొదటిసారి అక్కడ పట్టొద్దు, కొందరు పిల్లలకి ఆ మందులతో నిద్ర రాకపోగా ఇంకా చికాకు పెరుగుతుంది. కావాలంటే ముందే డాక్టర్ని అడిగి, ఇంట్లో వేసి చూసుకోండి. బాబుకి సదరం సర్టిఫికెట్ ఉండి, అందులో మేధో వైకల్యం కూడా నమోదై ఉంటే, వాడికీ తోడు వెళ్లే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ వస్తుంది. దానికి రైల్వే ఫారంలో డాక్టర్ సంతకం కావాలి కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలెట్టండి.

కార్డులు అలవాటైన పిల్లాడు కదా, మీ పని సగం తేలికే. ఫోటో స్టూడియోలో ప్రింట్లు వేయించి చిన్న పుస్తకం కుట్టండి: మన ఇల్లు, స్టేషన్, రైలు, బెర్తు, హోటల్ గది, సముద్రం, మళ్లీ రైలు, మళ్లీ మన ఇల్లు. చివరి బొమ్మ మర్చిపోవద్దు, తిరిగి ఇంటికొస్తామా లేదా అన్నదే వాడికి పెద్ద అనుమానం. రెండు వారాల ముందు నుంచి రోజూ పడుకునే ముందు అది తిరగేయండి.

రైల్లో ఏడిస్తే ఏం చేయాలని మీ భయం. ఏడుస్తాడనే అనుకుని వెళ్లండి. ఆ సమయంలో నలుగురూ నాలుగు వైపుల నుంచి బుజ్జగిస్తే వాడి చెవుల్లో ఇంకో నాలుగు మిక్సీలు వేసినట్టే. ఒక్కరే దగ్గరుండి, మాటలు తగ్గించి, పరదా వేసి, వాడి ఏడుపు తగ్గేదాకా ఆగాలి. తలుపుల దగ్గరికి మాత్రం ఎత్తుకెళ్లొద్దు. ఎదుటి సీటువాళ్లతో "బాబుకి ఆటిజం అండీ, శబ్దాలు పడవు, కాసేపట్లో సర్దుకుంటాడు" అని మీవారు ఒక్క మాట చెబితే చాలామంది ఊరుకుంటారు. "మొండికి అలవాటు చేశారు", "ఫోనిచ్చి పాడు చేశారు" అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఆటిజం పెంపకం వల్ల వచ్చేది కాదని మీకు తెలుసు, అర్ధరాత్రి రైల్లో వాళ్లకి పాఠం చెప్పాల్సిన పని లేదు.

నా అసలు భయం వేరే. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నీళ్లు కనిపిస్తే అటే పరుగని. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్లిపోవడం, నీళ్లవైపే వెళ్లడం మామూలుగా చూసేదే, ప్రాణం మీదకి వచ్చేదీ అక్కడే. మీ తుమ్మలపెంట బీచ్‌లో ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆర్కే బీచ్‌లో అంతకు రెట్టింపు ఉండాలి, అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, అలలు లోపలికి లాగేస్తాయి, ఈత వచ్చిన పెద్దవాళ్లే పోయారు. ఇసకలో ఆడుకోనివ్వండి, కాళ్లు తడవాలంటే చెయ్యి పట్టుకునే. "అందరం ఉన్నాం కదా" అనుకున్న చోటే పిల్లాడు తప్పిపోతాడు, అందుకని గంటకొకరు "ఇప్పుడు నేను చూస్తున్నా" అని పైకి అని మరీ బాధ్యత తీసుకోవాలి, ఇచ్చేటప్పుడు కూడా అంతే. రోజూ పొద్దున ఆ రోజు చొక్కాతో ఒక ఫోటో తీసి ఉంచండి, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయండి. చొక్కా లోపల మీ ఫోన్ నంబరు గుడ్డ మీద రాసి కుట్టండి, మెడలో కార్డు వేస్తే తీసి పారేస్తాడు. కనిపించకపోతే ముందు నీళ్లున్న వైపు పరుగెత్తండి, ఇంకొకరు 112కి ఫోన్ చేయండి. రైల్లో అయితే 139. హోటల్ గది తలుపుకి లోపల గొళ్లెం వాడికి అందని ఎత్తులో ఉందో లేదో వెళ్లగానే చూసుకోండి.

రోజుకి ఒక్క చోటే, అదీ పొద్దున ఎండ ఎక్కకముందు. మధ్యాహ్నం గదిలోనే. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించాలని మరిది పట్టుబడితే పెద్దపిల్లల్ని తీసుకెళ్లమనండి, లోపల దారి ఇరుకు, మధ్యలో వెనక్కి తిరిగి రావడం కష్టం.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు, ఆటిజం. వారం రోజులు మైసూరు వెళ్లొచ్చాం, అక్కడ బాగానే ఉంది. ఇంటికొచ్చాక రాత్రి నిద్ర లేదు, బడికి పోనని ఏడుపు. ప్రయాణమే తప్పయిందా?
- ఒక తండ్రి, కనిగిరి

జవాబు: తప్పేం లేదండీ. అక్కడ బిగబట్టుకున్నదంతా ఇంటికొచ్చాక బయటపడుతుంది, చాలామంది పిల్లల్లో ఇది మామూలే. తిండి, స్నానం, పడక పాత వేళలకి తెచ్చేయండి, ఈ పది రోజులు చుట్టాలు, పెళ్లిళ్లు ఏమీ పెట్టుకోకండి. బడికి మొదట రెండు మూడు రోజులు ఒక్కపూటే పంపిస్తామని టీచర్‌తో మాట్లాడండి. మూడు వారాలైనా నిద్ర కుదరకపోతే డాక్టర్‌కి చూపించండి. వచ్చిన మాటలు పోయినట్టు అనిపిస్తే మాత్రం మూడు వారాలు ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. ఈసారి ఎక్కడికి వెళ్లినా బడి తెరిచే రోజుకి రెండు రోజుల ముందే ఇల్లు చేరేలా టికెట్లు తీసుకోండి.