సిగ్నల్ కెమెరా మంచిదే, కానీ ముందు ఎల్లో ఎంతసేపు ఉంటోందో చూడండి

రోజూ వెళ్ళే జంక్షన్లో రెడ్ లైట్ కెమెరాలు పెడుతున్నారు, ఇది భద్రత కోసమా చలానా డబ్బుల కోసమా, సడన్ బ్రేకులు పడి వెనక బండ్లు గుద్దుకుంటాయన్నది నిజమేనా అని అడిగారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కెమెరాలు ఉండాలి. కానీ ఎల్లో టైమ్ సరిచేయకుండా కెమెరా బిగిస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఈ రెండు మాటలూ మా ఇంట్లో జరిగినవి చూశాక అంటున్నవే.

మా పిన్ని డ్రైవర్ పక్క సీట్లో ఉంది. గ్రీన్ పడి, కారు జంక్షన్ మధ్యకి వచ్చాక, అడ్డంగా వచ్చిన వ్యాన్ ఆమె వైపు తలుపుని గుద్దేసింది. అవతలి వైపు రెడ్ పడి అప్పటికే చాలాసేపయింది, వాడు అసలు ఆగే ఉద్దేశంతో లేడు. ఎదురుగా గుద్దితే మధ్యలో ఇంజను ఉంటుంది, పక్క నుంచి గుద్దితే మనిషికి అడ్డుగా ఉండేది ఒక్క తలుపే. తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం దిగలేదు. అందుకే కెమెరాలన్నీ దోపిడీ అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్ళ మాట నాకు మింగుడుపడదు.

వెనక నుంచి గుద్దుకోవడం పెరుగుతుందన్న భయం నిజమే. అమెరికా ఫెడరల్ హైవే విభాగం 2005లో వేసిన లెక్కలో కెమెరాలున్న చోట అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దేవి దాదాపు 15 శాతం పెరిగాయి. కానీ ఈ రెండూ ఒకటి కాదు. చాలావరకు వెనక నుంచి తగిలితే బంపర్ పోతుంది, మెడ పట్టేస్తుంది. పక్క నుంచి గుద్దితే ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక రెండో సంగతి. పిన్ని ప్రమాదం తర్వాత కొన్నాళ్ళకి మా ఇంటికే ఒక నోటీసు వచ్చింది, బండి నడిపింది మా ఆయన. ఆయన నింపాదిగా నడిపే మనిషి కాబట్టి నాకు అనుమానం వచ్చి ఫొటోలు జాగ్రత్తగా చూశాను. రెండు ఫొటోలు ఉంటాయి: రెడ్ పడి ఉండగా బండి స్టాప్ లైన్‌కి ఇవతల ఉన్నది ఒకటి, జంక్షన్ లోపల ఉన్నది ఇంకొకటి. ఫొటో పైన సన్నని పట్టీలో అంకెలు ఉంటాయి, ఎవరూ చదవరు గానీ అసలు విషయమంతా అక్కడే ఉంది. రెడ్ పడ్డాక 0.3 సెకన్లు, ఎల్లో 3.0 సెకన్లు అని ఉంది. అది 70 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్ ఉన్న రోడ్డు.

లెక్క చూడండి. 70లో వెళ్ళే బండి సెకనుకి 19 మీటర్లకు పైగా పోతుంది. ఎల్లో చూసి బ్రేక్ మీద కాలు పెట్టడానికి ఒక సెకను, ఆ తర్వాత మామూలుగా బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 62 మీటర్లు, మొత్తం 80 మీటర్ల పైచిలుకు కావాలి. మూడు సెకన్లలో బండి వెళ్ళగలిగేది 58 మీటర్లే. అంటే లైన్‌కి 60 నుంచి 80 మీటర్ల దూరంలో ఉండగా ఎల్లో పడితే సాఫీగా ఆగలేరు, రెడ్ పడేలోగా లైన్ దాటనూ లేరు. ఏం చేసినా తప్పే. ట్రాఫిక్ ఇంజనీర్లు దీన్నే డైలమా జోన్ అంటారు. వాళ్ళు వాడే మామూలు ఫార్ములా ప్రకారమే 70 రోడ్డుకి 4.2 సెకన్లు కావాలి, దిగుడు రోడ్డయితే ఇంకా ఎక్కువ. నేను ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టినా అదే మూడు సెకన్లు వచ్చింది. ఆ వీడియో జతచేసి సంబంధిత ఆఫీసుకి రాశాను, తిరగ్గా తిరగ్గా చివరికి ఎల్లో పెంచారు. చలానా మాత్రం రద్దు చేయలేదు, కట్టాం.

నా బాధ ఏంటంటే, పిన్నిని గుద్దినవాడినీ 0.3 సెకన్లకి దొరికిన మనిషినీ ఆ కెమెరా ఒకే గాటన కడుతుంది. రెండో రకం వాళ్ళని తగ్గించడానికి ఎల్లో పెంచితే చాలు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చేసి చూశారు కూడా: ముందు ఎల్లో ఉన్నదానికి ఇంకో సెకను దాకా కలిపితే సిగ్నల్ జంపింగ్ 36 శాతం తగ్గింది, ఆ తర్వాత కెమెరాలు పెడితే మిగిలినదాంట్లో 96 శాతం పోయింది. ఈ వరసలోనే చేయాలి అని నేను అనేది అందుకే.

డబ్బు మీద మీ అనుమానం కూడా ఊరికే వచ్చింది కాదు. చికాగోలో కెమెరా కాంట్రాక్టు వ్యవహారంలో లంచాలు తిన్న నగర అధికారికి 2016లో పదేళ్ళ జైలు శిక్ష పడింది. టెక్సాస్ రాష్ట్రం 2019లో చట్టం చేసి ఈ కెమెరాలనే వద్దంది. నాకైతే అది కూడా సరైన దారి అనిపించదు, తప్పు లెక్కని సరిచేయాలి గానీ రెడ్‌లో దూసుకొచ్చేవాడిని వదిలేస్తే ఎలా?

కాబట్టి మీ జంక్షన్లో కెమెరా బిగించేలోపే అడగండి. స్పీడ్ లిమిట్ ఎంత, ఎల్లో ఎన్ని సెకన్లు, అన్ని వైపులా ఒకేసారి రెడ్ ఉండే గ్యాప్ ఎంత. కెమెరాలు నడిపే కంపెనీకి డబ్బు చలానాకి ఇంత అని ఇస్తున్నారా, లేక నెలకి ఇంతని ఖాయంగా ఇస్తున్నారా అన్నది తప్పకుండా అడగండి. చలానాకి ఇంత అని ఇస్తుంటే ఎల్లో తగ్గినా ఆ కంపెనీకి లాభమే, అక్కడ గట్టిగా పట్టుబట్టండి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి, మీరూ ఒకసారి ఫోన్లో వీడియో తీసి సరిచూసుకోండి.