టూర్‌కు వెళ్లనివ్వండి, ఒప్పందం మాత్రం చదవండి

ప్రశ్న: మేము మాంచెస్టర్‌లో ఉంటాం. బాబు ఇక్కడే పుట్టాడు. ఎ-లెవెల్స్ (ఇక్కడి ఇంటర్ లాంటివి) అయిపోయాయి, కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. ఇప్పుడు వాడి రాక్ బ్యాండ్‌కు, కొత్త బ్యాండ్లను కలిపి ఏటా ఊరూరా తిప్పే ఒక ఇండీ టూర్‌లో అవకాశం వచ్చిందట. ఫిబ్రవరిలో మూడు వారాలు. దానికోసం చదువు ఏడాది ఆపుతానంటున్నాడు. మూడు వారాలకు ఏడాది ఎందుకని మావారు ససేమిరా అంటున్నారు. అంత ఇష్టమైతే మ్యూజిక్ డిగ్రీలోనే చేర్పిస్తే ఎలా ఉంటుంది? రెండు కోర్సులనూ పోల్చి చెప్పండి. — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇక్కడ ప్రచురించని మీ ఉత్తరం మిగతా సగమంతా బంధువులు ఏమంటారో అన్నదే. మీ అబ్బాయి వాయించేది గిటారో డ్రమ్సో మాత్రం ఎక్కడా రాయలేదు. ఒక్కసారైనా వాళ్ల పాట కూర్చుని విన్నారా?

వెళ్లినవాడు మళ్లీ పుస్తకం పట్టడేమోనన్న బెంగే మీ చేత ఈ ఉత్తరం రాయించింది. ఇదే బెంగతో నాకు ఏటా ఉత్తరాలు వస్తుంటాయి. ప్రఖ్యాత బ్రిటిష్ రాక్ బ్యాండ్ కోల్డ్‌ప్లే సభ్యులు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చదువుకుంటూ జట్టు కట్టారు. గాయకుడు క్రిస్ మార్టిన్ డిగ్రీ పూర్తిచేశాకే, 2000 ఆరంభంలో, ఎన్‌ఎంఈ అనే సంగీత పత్రిక నడిపిన ఇలాంటి టూర్‌లో వాళ్లు కొత్తవాళ్లుగా వాయించారు. బాంబే బైసికిల్ క్లబ్ అనే లండన్ బ్యాండ్ పిల్లలు 2006లో బడిలో ఉండగానే ఒక పోటీలో గెలిచి వి ఫెస్టివల్ అనే సంగీతోత్సవంలో వేదికెక్కారు. బడి చదువు ముగించాకే తొలి ఆల్బమ్ తెచ్చారు, 2010లో ఎన్‌ఎంఈ టూర్‌లో తిరిగారు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ సురేన్ డి సారమ్ శ్రీలంక మూలాలున్న ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడు రోహన్ డి సారమ్ కొడుకు. మన వైపు ఇళ్లలోనూ ఇది కొత్తేమీ కాదని చెప్పడానికే ఈ మాట.

అలాగని ఈ టూర్లంటే నాకు మోజు లేదు. 2008 ఎన్‌ఎంఈ టూర్‌లో తిరిగిన బ్యాండ్లలో ద టింగ్ టింగ్స్ అదే ఏడాది బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానం అందుకుంది. వాళ్లతోపాటే తిరిగిన జో లీన్ బృందం ఆల్బమ్ రికార్డు చేసి కూడా విడుదల చేయకుండా పక్కన పడేసింది. ఇద్దరికీ దక్కింది అవే వేదికలు, అదే ప్రచారం. టూర్ అంటే నిర్వాహకుల అభిరుచి, స్పాన్సర్ డబ్బు కలిసి చేసే పందెం. అంతెందుకు, ఎన్‌ఎంఈ అచ్చు వారపత్రికే 2018లో ఆగిపోయింది.

మీవాళ్లలా అందరికన్నా ముందు వాయించే మొదటి వంతు బ్యాండ్ బతుకు ఎలా ఉంటుందో మీ అబ్బాయికి తెలుసో లేదో. సౌండ్‌చెక్ (ప్రదర్శనకు ముందు ధ్వని సరిచూసుకోవడం) సాధారణంగా ప్రధాన బ్యాండ్‌తో మొదలవుతుంది. చివరి వంతు వీళ్లది. అంతకుముందు ఆలస్యమైతే, వైర్లు తగిలించి ఒక్క పాట సరిచూసుకునేలోగా తలుపులు తెరుస్తారు. వాయించేది అరగంట. అప్పటికి జనం సగం బయట వరుసలోనే ఉంటారు, లోపలికి వచ్చినవాళ్లు బార్ దగ్గర ఉంటారు. ఇచ్చే పారితోషికం వ్యాన్ అద్దెకు, పెట్రోలుకు సరిపోతే గొప్ప. టీషర్టుల అమ్మకంలోనూ కొన్ని హాళ్లు వాటా తీసుకుంటాయి. కొన్ని టూర్లయితే చోటిచ్చినందుకు బ్యాండ్ దగ్గరే ఎదురు డబ్బు అడుగుతాయి. మీవాడికి వచ్చింది అలాంటిదైతే నిక్షేపంగా వద్దనండి, నేనూ మీవారి పక్షమే.

ఇక మ్యూజిక్ డిగ్రీ. ఈ మధ్య ప్రతి ఇంట్లోనూ ఇదే రాజీమార్గం. నాకు దీనిమీద గట్టి అనుమానాలున్నాయి. ఇంగ్లండ్‌లో 2025-26కు ఫీజు గరిష్ఠ పరిమితి ఏడాదికి 9,535 పౌండ్లు. ఈ రెండు కోర్సులకూ అదే. కానీ బ్యాండ్‌ను పిలిచేవాళ్లు పట్టా చూడరు, పాట వింటారు. 2023లో సంగీతకారుల సంఘం మ్యుజిషియన్స్ యూనియన్, వాళ్లను ఆదుకునే స్వచ్ఛంద సంస్థ హెల్ప్ మ్యుజిషియన్స్ కలిసి చేసిన సర్వేలో సంగీతం మీద వచ్చే సగటు ఆదాయం ఏడాదికి 20,700 పౌండ్లని తేలింది. సౌండ్ ఇంజినీరింగ్ మీద ఆసక్తి ఉంటే ఆ కోర్సుకు అర్థముంది. మీ అబ్బాయి ఆ కోర్సు అడగలేదు కదా! అడిగింది మూడు వారాలు, మీరు ఇవ్వజూపుతున్నది మూడేళ్లు. నలుగురికీ చెప్పుకోవడానికి ఏదో ఒక డిగ్రీ ఉండాలన్న ఆరాటం మీది. దాన్ని వాడి ఇష్టం కింద జమ కట్టకండి. మీరడిగిన పోలిక ఇంతకన్నా సాగదీయను. కంప్యూటర్ సైన్స్ సీటు వదలొద్దు.

మూడు వారాలకు ఏడాది ఎందుకన్న మీవారి ప్రశ్న సబబే. అయినా చేరిన మొదటి ఏడాదిలోనే ల్యాబులు, అసైన్‌మెంట్లు వదిలి తిరగడం కన్నా ప్రవేశాన్ని ఏడాది వాయిదా వేసుకోవడం మేలు. అది విశ్వవిద్యాలయం ఇష్టం, కాబట్టి ఈ వారమే ఈమెయిల్ రాయించండి. సరేనంటే సీటు భద్రం. మిగతా నెలల్లో ఏదైనా ఉద్యోగం చేయాలని ఇప్పుడే మాట తీసుకోండి. ఒప్పుకోకపోతే సెప్టెంబరులో చేరి, ఆ మూడు వారాల గురించి విభాగంతో ముందే మాట్లాడాలి. (ఇది చదివే స్టూడెంట్ వీసా పిల్లలకు ఒక హెచ్చరిక: ఆ వీసాపై వృత్తి కళాకారులుగా పనిచేయడం నిషిద్ధం.)

సంతకానికి ముందు మ్యుజిషియన్స్ యూనియన్‌లో చేరమనండి. సభ్యుల ఒప్పందాలు చదివి సలహా ఇస్తారు. సొంత పాటలైతే, పాటలు రాసినవాళ్లకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ పీఆర్‌ఎస్‌లో నమోదు చేసుకుని, ప్రతి ప్రదర్శన పాటల జాబితా పంపాలి. ఆ రాయల్టీ చిన్నదే, అయినా వాళ్లదే.

టూర్ మాంచెస్టర్ వస్తే మీరిద్దరూ వెళ్లండి. తలుపులు తెరిచే వేళకే చేరుకోండి, మీ అబ్బాయిది మొదటి వంతు.