మీ ప్రశ్నలు – మా జవాబులు: షుగర్ 7.4 అంటే తగ్గినట్టేనా?

ప్రశ్న: అమ్మాయి దగ్గరికని లండన్ వచ్చాం. ఖమ్మంలో పరగడుపున నా షుగర్ 130 దాకా ఉండేది. ఇక్కడ కొన్న మీటరు 7.4 చూపిస్తోంది. బాగా తగ్గినట్టేనా? తెచ్చుకున్న ఇన్సులిన్ అయిపోవస్తోంది, ఇక్కడ కొనుక్కోవచ్చా?

జవాబు: తగ్గలేదండీ, ఎక్కడున్నది అక్కడే ఉంది. మన దేశంలో, అమెరికాలో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందో చెబుతారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో లీటరుకు ఎన్ని మిల్లీమోల్స్ (అణువుల సంఖ్యను బట్టి వేసే కొలత) అని లెక్క. ఒక మిల్లీమోల్ గ్లూకోజు బరువు 180 మిల్లీగ్రాములు. లీటరుకు 180 అంటే 100 మిల్లీలీటర్లకు 18. కాబట్టి మీటరు చూపే అంకెను 18తో హెచ్చవేయండి: 7.4 × 18 = 133.

3.9 అంటే మన 70, 7 అంటే 126, 10 అంటే 180. మీటరు 4 కన్నా తక్కువ చూపిస్తే లో షుగర్ కిందే లెక్క. మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి.

ఈ 18 గ్లూకోజుకు మాత్రమే. కొలెస్ట్రాల్ 5.2 అని వస్తే 38.7తో హెచ్చవేయాలి, సుమారు 200 వస్తుంది. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ 88 అని చూసి చాలామంది హడలిపోతారు. అది మన 1.0 (88.4తో భాగించాలి). మూడు నెలల షుగర్ పరీక్షలో మన 7 శాతాన్ని బ్రిటన్‌లో 53 అని రాస్తారు. అందుకే రిపోర్టులో అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదవకుండా ఇంటికి ఫోన్ చేసి కంగారు పెట్టకండి.

ఇక ఇన్సులిన్. బ్రిటన్‌లో డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. అంతకన్నా ముఖ్యమైనది: మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. అక్కడ మామూలుగా ఇచ్చేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజి. అక్కడి మందును మీ పాత ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి. లోపలికి వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు! ఇరవై బదులు యాభై పడితే ప్రాణం మీదికి వస్తుంది. తిరగేసి, మన మందును నారింజ మూత సిరంజితో 20 దాకా లాగితే వచ్చేది 8 యూనిట్లే, షుగర్ పైకి పోతుంది. మీ డోసు 20 యూనిట్లయితే అన్ని చోట్లా అదే 20. మందు చిక్కదనమే వేరు. సీసా మారితే సిరంజి కూడా మార్చండి, పాతవి పారేయండి. పెన్ను వాడేవాళ్లకు ఈ తంటా దాదాపు లేదు, పెన్ను కార్ట్రిడ్జ్ మామూలుగా మన దగ్గర కూడా 100దే.

ప్రశ్న: డాలస్‌లో కొత్త రైస్ కుక్కర్ కొన్నాం. రెండు కప్పుల బియ్యానికి గిన్నెలో 2 గీత దాకా నీళ్లు పోస్తే అన్నం పలుకుపలుకుగా ఉంటోంది. కుక్కర్ లోపమా?

జవాబు: కప్పు లోపం. గిన్నె మీది గీతలు కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పుకు గీసినవి. అది జపాన్ కొలత, 180 మిల్లీలీటర్లు. సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. వంటింట్లో ఉన్న అమెరికా కప్పు దాదాపు 240. దాంతో రెండు కప్పులు పోస్తే బియ్యం 480 మిల్లీలీటర్లు, నీళ్లేమో 360 బియ్యానికి సరిపడా. ఆ ప్లాస్టిక్ కప్పు పోతే 180 గుర్తున్న ఏ గ్లాసైనా సరే. పాతబియ్యమైతే గీత మీద ఇంకో పావు కప్పు పోయండి.

ఆస్ట్రేలియా వంటకాలు చూసి చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: అక్కడ కప్పు 250, టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల 15. ఉప్పు, సోడా విషయంలో ఆ తేడా నాలుకకు తెలిసిపోతుంది.

ప్రశ్న: బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో తమ్ముడి కారు గ్యాలనుకు 50 మైళ్లు ఇస్తోందట. అట్లాంటాలో నాది 42. నా బండి నాసిరకమా?

జవాబు: రెండూ దాదాపు ఒకటే. బ్రిటన్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికాది 3.785. అతని అంకెను 0.354తో, మీ అంకెను 0.425తో హెచ్చవేయండి. లీటరుకు అతనికి 17.7, మీకు సుమారు 17.9 కిలోమీటర్లు. నిజానికి మీదే వెంట్రుకవాసి నయం.

ప్రశ్న: దుబాయ్‌లో తోలా బంగారం ధర మన తులం ధర కంటే ఎక్కువగా కనబడుతోంది. అక్కడ చవక అంటారు కదా?

జవాబు: మన దుకాణాల్లో ఇప్పుడు తులమంటే 10 గ్రాములు. అక్కడి తోలా పాత లెక్క ప్రకారం 11.664 గ్రాములు. ధరను 11.664తో భాగించి, గ్రాము ధరను గ్రాము ధరతో పోల్చండి. 22 క్యారెట్ల ధరను 24 క్యారెట్ల ధరతో పోల్చకండి. ఔన్సు లెక్కన చెబితే 31.1తో భాగించాలి, కిరాణా ఔన్సు 28.35తో కాదు. తరుగు, మజూరీ ఆ తర్వాత అడగండి.