ప్రార్థనలో ఏమీ అనిపించకపోతే నా విశ్వాసం నిజమైనదేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్ళయింది. ఆరాధన మానను. కానీ పక్కవాళ్ళు కన్నీళ్ళతో ప్రార్థిస్తుంటే నాకేమీ అనిపించదు. ఇంట్లో మోకరిస్తే రెండు మాటలకే మనసు ఎటో పోతుంది. బైబిలు తెరిచినా అంతే. అసలు నేను రక్షణ పొందానా అని భయం పట్టుకుంది. సంఘంలో చెబితే విశ్వాసం లేనిదంటారేమోనని మీకు రాస్తున్నాను.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకేమనిపించింది, మీ మనసు ఎటు పోయింది, మిమ్మల్ని ఏమంటారు... అంతా మీ గురించే ఉంది. యేసుప్రభువు పేరు ఒక్కచోట కూడా రాలేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. భయం పట్టుకున్నప్పుడు ఎవరమైనా మన లోపలికే చూసుకుంటాం. కానీ మీరు వెతికే నిశ్చయత అక్కడ దొరకదు.

మార్కు 9వ అధ్యాయంలో ఒక తండ్రిని చూడండి. కొడుకు చిన్నప్పటినుంచీ బాధపడుతున్నాడు. శిష్యుల వల్ల కూడా కాలేదు. ఆయన ప్రభువును సహాయం అడగడమే ‘నీవలననైతే’ అని అడిగాడు! ఆ తర్వాత, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని గట్టిగా అరిచాడు. నమ్మకం, అపనమ్మకం రెండూ ఒకే ప్రార్థనలో ఉన్నాయి. ముందు నీ విశ్వాసం సరిచేసుకుని రా అని ప్రభువు ఆయన్ని పంపేయలేదు. పిల్లవాణ్ణి అప్పుడే బాగుచేశాడు. ఆ తండ్రి నమ్మకం ఎంత బలమైనదో కాదు, ఎవరి దగ్గరికి వచ్చాడో అదే ముఖ్యం.

ఇక ప్రార్థన. సొంత మాటలు రానిరోజు నేను 13వ కీర్తన తెరిచి పైకి చదువుతాను. ఆరే వచనాలు. మొదటి రెండూ ‘ఎన్నాళ్లు, ఎంతవరకు’ అని దేవుణ్ణి నిలదీసే ప్రశ్నలే. అంత నిష్ఠూరం దేవుడు తన వాక్యంలో ఉండనిచ్చాడంటే, మనమూ ఆయనతో అలా మాట్లాడవచ్చనేగా? అయిదో వచనానికి వచ్చేసరికి దావీదు దేవుని కృపను నమ్ముకున్నానంటాడు. శత్రువు పోయాడనిగానీ, కష్టం తీరిందనిగానీ మధ్యలో ఎక్కడా లేదు. మీరూ ఒక్కో వచనం చదివి, అక్కడే ఆగి, అందులో మీకు తగిలిన మాటనే ప్రార్థనగా చెప్పండి. మనసు పక్కకు పోతే మళ్ళీ ఆ వచనానికే రండి. కన్నీళ్ళు రాలేదని దిగులుపడొద్దు. కొందరికి త్వరగా వస్తాయి, కొందరికి రావు, అంతే.

సంఘంలో ఏమంటారోనని కూడా రాశారు. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నప్పుడు, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని శిష్యులను పంపి ప్రభువునే అడిగించాడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు అని ప్రభువు కబురంపాడు. అవి రావలసిన క్రీస్తు గురించి యెషయా ప్రవచనాల్లో ఉన్న గురుతులే. యోహానుకు వాక్యమే జవాబుగా వెళ్ళింది. సందేహపడ్డాడని ప్రభువు ఆయన్ని తక్కువ చేయలేదు. ఆ వెంటనే, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు పుట్టలేదని జనం ముందు చెప్పాడు.

కాబట్టి మీ భయాన్ని దాచుకోవద్దమ్మా. మీ సంఘంలో మాట బయటపెట్టని పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆమెకు చెప్పి, ఇద్దరూ కలిసి మొదటి యోహాను పత్రిక చదవడం మొదలుపెట్టండి. నమ్మినవాళ్ళు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే దాన్ని రాస్తున్నానని అపొస్తలుడైన యోహాను (బాప్తిస్మమిచ్చు యోహాను కాదు) అయిదో అధ్యాయం 13వ వచనంలో చెప్పాడు. చదివాక మళ్ళీ ఉత్తరం రాయండి.